వండినవాళ్ళ పేర్లు

శుక్రవారం పొద్దున్న సుజానా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి పఠన మందిరం తలుపు తియ్యాలి. పదింటికి గంగ వస్తుంది. గంగ చేత అభిప్రాయాల పుస్తకంలో నాలుగు ముక్కలు రాయించాలి. పదకొండుకల్లా ఇంటికెళ్ళి తలంటుకోవాలి. అంతే. ఈ పథకంలో దుంగలు లేవు, రోగం లేదు, వాంతులు అంతకన్నా లేవు.

అనంతగిరి దగ్గర మెయిన్ రోడ్డు వదిలి ఆరు కిలోమీటర్లు పైకెక్కితే జీలుగువలస వస్తుంది. ఒకప్పటి కాఫీ గోదాములో ఒక గది, మూడు బీరువాలు, ఒక మైకు, ఒక సుజానా కలిస్తే అక్కడి పఠన మందిరం. పోయిన నెల జిల్లా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇక్కడ చదివేవాళ్ళు లేరని తెలియుచున్నది కావున, ఇన్‌స్పెక్షన్ నాటికి ఏదేని పుస్తకంపై పది మంది స్థానిక పాఠకులు రాసిన అభిప్రాయాలు చూపవలెను, లేనిచో గది మూసి పుస్తకాలు కిందికి తరలించబడును అని అందులో ఉంది. ఇన్‌స్పెక్షన్ శనివారం. సుజానా దగ్గర శుక్రవారం నాటికి తొమ్మిది అభిప్రాయాలున్నాయి.

పది మంది చేత ఒకే పుస్తకం చదివించాలంటే పది ప్రతులుండాలి. ఆ గదిలో పది ప్రతులున్న పుస్తకం ఒక్కటే. ఎవరో దాత పంపించాడు. ఏడువందల ఏళ్ళ క్రితం ఇటలీలో పుట్టిన కథలు, తెలుగులో బాగా కుదించి వేసినవి. ఊళ్ళో మహమ్మారి వస్తే ఏడుగురు ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు ఊరొదిలి కొండ మీది బంగళాకి పోతారు. రోజుకి పది చొప్పున పది రోజులు కథలు చెప్పుకుంటారు. కథల నిండా మోసపోయే మొగుళ్ళు, తెలివైన పెళ్ళాలు, చెయ్యకూడని పనులన్నీ చేసే సన్యాసులు ఉంటారు.

చర్చిలో ఉపదేశి బర్నబా, ఇటలీ అన్న మాట చూసి ఇది పునీతుల చరిత్ర అనుకుని, మొదటి ప్రతిని కళ్ళకద్దుకుని తీసుకెళ్ళాడు. మూడో రోజు వచ్చి "ఇది పునీతుల పుస్తకం కాదు" అని రాసి సంతకం పెట్టాడు. పుస్తకం మాత్రం తిరిగి ఇవ్వలేదు.

"ఖండించాలంటే పూర్తిగా చదవాలి కదమ్మా," అన్నాడు.

ఆదివారం ప్రసంగంలో ఆయన దాన్ని రెండుసార్లు ఖండించాడు. సోమవారం మధ్యాహ్నానికి ఆరుగురు కొత్త పాఠకులు వచ్చి ఆ పుస్తకమే కావాలన్నారు. సుజానా ఆ ఉపదేశి కోసం దేవుణ్ణి ప్రార్థించింది.

నర్సు రాజకుమారి రెండు రాత్రుల్లో చదివేసి ఎర్ర సిరాతో రాసింది: "రోగమున్న ఊరి నుంచి వచ్చిన పది మందిని పరీక్ష చెయ్యకుండా ఒకే బంగళాలో ఉంచడం తప్పు. విడిగా పద్నాలుగు రోజులు ఉండాలి. పది రోజులకే కథలు ఆపేశారు." జీపు నడిపే ఫల్గుణ ఇలా రాశాడు: "కథలు చాలా బాగున్నాయి. మా ఇంట్లోవాళ్ళకి ఇవ్వకండి." అలా తొమ్మిది అయ్యాయి. పదోది గంగ.

గంగ వయోజనుల బడిలో నాలుగేళ్ళ కిందట చదవడం నేర్చుకుంది. మాట కింద వేలు పెట్టుకుని చదువుతుంది కాబట్టి ఏ మాటా ఆవిడ నుంచి తప్పించుకోలేదు. పదకొండో పేజీలో ఆవిడ వేలు ఆగిపోయి రెండు వారాలైంది. ఆ పేజీలో ఒక వాక్యం ఉంది: "పనివాళ్ళు భోజనాలు సిద్ధం చేశారు."

"ఈ పనోళ్ళు ఎవులు?" అంది గంగ, శుక్రవారం పదింటికి వచ్చి కూర్చోగానే.

"వంటవాళ్ళు అక్కా."

"అది నాకు తెల్సు. పేర్లేటి?"

"పేర్లు రాయలేదక్కా."

"కతలు సెప్పినోళ్ళ పేర్లు పదీ రాసినాడు. నోరు తిరగని పేర్లు రాసినాడు. వండినోళ్ళ పేర్లు రాయడానికి సిరా అయిపోనాదా?"

"కుదించిన పుస్తకం కదా. పెద్ద పుస్తకంలో ఉంటాయేమో."

"వంద కతలున్నాయి. అందులో ఆళ్ళు సెప్పింది ఒక్కటైనా ఉందా?"

సుజానా పుస్తకమంతా చదివింది కాబట్టి అబద్ధం చెప్పలేకపోయింది. "లేదు," అంది.

"మరి ఆళ్ళకి రోగం అంటదా? ఆళ్ళకి భయం నేదా?"

"అదే రాసెయ్యక్కా! అదే అభిప్రాయం. ఇదిగో పెన్ను."

"తెలీకుండా ఏటి రాత్తాను గుంటా? పేర్లు తెలిసినాక రాత్తాను." గంగ కథల పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని లేచిపోయింది. సుజానా ఆ రోజు తలంటుకోలేదు.

గంగ ఇంటికెళ్ళేసరికి ఆవిడ మొగుడు బుధు కళ్ళంలో ఎండబోసిన కాఫీ గింజలు కర్రతో తిరగేస్తున్నాడు. బుధు ఆ ఊరికి పెద్ద. ఆయనకి చదువు రాదుగాని, చదువంటే విపరీతమైన గౌరవం. కరోనా కాలంలో సుజానా కాగితం చూసి మైకులో ఏది చదివితే అది వారం తిరక్కుండా నిజమైంది. అప్పుడు బుధు దారికి దుంగలు అడ్డంపెట్టి, నలభై రోజులు గొడ్డలి భుజాన వేసుకుని కాపలా కూర్చున్నాడు. జీలుగువలసలో ఒక్కరికీ రోగం రాలేదు. ఆ ఘనత గురించి ఎవరూ అడక్కపోయినా ఆయన చెబుతూ ఉంటాడు.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట చెప్పుకోవాలి. తెలుగులో కథకీ వార్తకీ తోక ఒకటే. "ఒకడికి మూడు కళ్ళంట" అన్నా చివర "అంట" ఉంటుంది, "రేపు కరెంటు ఉండదంట" అన్నా అదే "అంట" ఉంటుంది. ఏది ఏ "అంట" అన్నది వినేవాడే తేల్చుకోవాలి. గంగ ఆ పూట ఒళ్ళుమండి ఉంది, ముందూ వెనకా చెప్పే ఓపిక లేదు.

"ఊళ్ళో పెద్ద రోగమంట," అంది మొగుడితో, బిందె అందుకుంటూ. "జనం రాలిపోతన్నారంట. ఏడుగురు ఆడోళ్ళు, ముగ్గురు మగోళ్ళు, డబ్బున్నోళ్ళు, ఊరొదిలీసి కొండెక్కేత్తన్నారంట. ఆళ్ళకి పనోళ్ళు వండిపెట్టాలంట!"

బుధు చేతిలో కర్ర ఆగిపోయింది. "ఎవులు సెప్పినారు?"

"సుజానా కాడ పుస్తకంలో రాసుంది," అని గంగ ఊట దగ్గరికి నీళ్ళకి వెళ్ళిపోయింది. రాసుందంటే బుధుకి ఇంక అనుమానమేముంటుంది?

అయినా ఆయన తొందరపడే మనిషి కాదు. సాయంత్రం దాకా ఆలోచించాడు. ఆలోచన ఎటు తేలేదోగాని, ఈలోగా సుజానాకి ఫోనొచ్చింది. సిగ్నల్ కోసం ఆవిడ గోదాము వెనక బండ ఎక్కి మాట్లాడింది. అవతల ఇన్‌స్పెక్షన్ ఆఫీసరు అప్పారావు.

"రేపు పదకొండింటికి వస్తున్నాం. పది మందిమి."

"ఇన్‌స్పెక్షన్‌కి పది మందా సార్?"

"మా ఆవిడ తరఫు వాళ్ళు వలిసె పూలు చూస్తామన్నారు. దారే కదా. మీరు రికార్డులు సిద్ధంగా ఉంచండి."

సుజానా గదిలోకొచ్చి మైకు పెట్టింది. ఊళ్ళో అందరూ రేపు సరిగ్గా నడుచుకోవాలని ఆవిడ ఉద్దేశం. "అందరికీ మనవి. రేపు పొద్దున్న కింద నుంచి పది మంది వస్తున్నారు. ఎవరూ భయపడకండి. వాళ్ళు ఏమైనా అడిగితే ధైర్యంగా చెప్పండి. మరోసారి చెబుతున్నాను, ఎవరూ భయపడకండి."

కరోనా కాలంలో ప్రతి ప్రకటనా ఈ మాటతోనే మొదలయ్యేది. ఎవరూ భయపడకండి అన్న మాట వినబడితే భయపడాలని జీలుగువలసలో చంటిపిల్లకి కూడా తెలుసు. బుధు లేచి గొడ్డలి తీసుకున్నాడు.

శనివారం పదిన్నరకి అప్పారావు గారి వ్యాను ఊరి బయట ఆగింది. దారికి అడ్డంగా రెండు సిల్వరోకు దుంగలు, వాటి వెనక ముక్కులకి తువ్వాళ్ళు కట్టుకున్న ఎనిమిది మంది మగవాళ్ళు ఉన్నారు. వ్యాను తలుపు తెరుచుకుంది. ముందుగా ఆఫీసరు గారి భార్య కనక దిగింది. ఘాటు రోడ్డు మలుపులకి తెల్లవారు జామున తిన్న ఇడ్లీలు ఆవిడ గొంతు దాకా వచ్చి ఉన్నాయి. ఆవిడ రెండడుగులు వేసి, రోడ్డు పక్కన కూర్చుని, బుధు కళ్ళెదురుగా వాంతి చేసుకుంది.

దుంగ వెనక జనం నాలుగడుగులు వెనక్కి వేశారు. బుధు మాత్రం కదలకుండా లెక్కపెట్టాడు. కనక, ఆవిడ అక్కచెల్లెళ్ళు నలుగురు, మేనత్తలు ఇద్దరు, వెరసి ఏడుగురు ఆడవాళ్ళు. అప్పారావు, ఆయన తోడల్లుడు, జలుబుతో చీదుకుంటున్న డ్రైవరు కలిసి ముగ్గురు మగవాళ్ళు.

"ఏడు. మూడు," అన్నాడు బుధు, పక్కవాళ్ళకి వేళ్ళు చూపిస్తూ. "రాసినట్టే ఉన్నారు."

"ఏమయ్యా, దుంగ తియ్యండి! నేను ఆఫీసర్ని," అన్నాడు అప్పారావు.

"డబ్బున్నోళ్ళని కూడా రాసుంది బాబూ."

"ఏమిట్రా నువ్వనేది? దారి ఆపడానికి నీ దగ్గర రాతపూర్వకంగా ఆర్డరుందా?"

"ఉంది బాబూ. పుస్తకంలో ఉంది. మైకులో కూడా సెప్పినారు." బుధు దుంగ మీదికెక్కి, ఫోను తీసి నర్సు రాజకుమారికి కలిపాడు. ఆవిడ కొండకి అవతలి గూడెంలో పిల్లలకి టీకాలు వేస్తోంది. సిగ్నల్ తెగుతూ తెగుతూ వచ్చింది.

"ఎంతమంది?" అంది రాజకుమారి.

"పది మంది. ఒకామె కక్కీసింది. ఒకడు సీదుతన్నాడు."

"ఎక్కడి నుంచి?"

"కిందనుంచే."

"ఎవర్నీ కదలనియ్యకండి! విడిగా కూర్చోబెట్టండి. మూడింటికల్లా నేనొచ్చి చూస్తాను." అక్కడితో సిగ్నల్ పోయింది.

ఆ విధంగా, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పది మందినీ దుంగలకి అవతలి పక్క ఉన్న కాఫీ పళ్ళ గుజ్జు తీసే షెడ్డులో, మనిషికీ మనిషికీ మధ్య రెండు బారలు వదిలి గోనెసంచుల మీద కూర్చోబెట్టారు. అప్పారావు గారు ఫోను పట్టుకుని షెడ్డులో నాలుగు మూలలకీ తిరిగారు. ఏ మూలా సిగ్నల్ లేదు. సిగ్నలున్న బండ దుంగకి ఇవతల ఉంది.

పదకొండున్నర దాకా గడియారం చూసుకుంటూ కూర్చున్న సుజానాకి ఫల్గుణ వచ్చి కబురు చెప్పాడు. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

"బావా! ఏటి చేశావు బావా!" అంది దుంగ దగ్గరికొస్తూనే బుధుతో. "వాళ్ళు ఇన్‌స్పెక్షన్ వాళ్ళు!"

"నువ్వే కదమ్మా మైకులో సెప్పినావు. రోగం సంగతి నీ పుస్తకంలో ఉందని మీ అక్కా సెప్పినాది."

"నేను చెప్పింది వీళ్ళ గురించే. అక్క నీకు చెప్పింది కథ బావా, కథ! ఎప్పుడో, ఎక్కడో, ఏడువందల ఏళ్ళ నాటిది!"

"కతైతే ఈ మనుషులెక్కడి నుంచొచ్చినారు? నువ్వే లెక్కెట్టు."

సుజానా షెడ్డు వైపు చూసి లెక్కపెట్టింది. ఏడుగురు ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు. మళ్ళీ లెక్కపెట్టింది. ఈసారీ అంతే వచ్చారు.

"ఏమ్మా సుజానా!" అని అప్పారావు షెడ్డులోంచి అరిచాడు. "రేపట్నుంచి నీ గది ఎలా ఉంటుందో నేనూ చూస్తాను!"

అంతలో గోల విని గంగ వచ్చింది. సంగతి మొత్తం విని, దుంగ మీద కూలబడి, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది.

"ఓలమ్మో! నాను సెప్పింది పుస్తకంలో ఊరయ్యా! మనూరు కాదు. దుంగలు తీసీ బేగి."

బుధు ముఖం చిన్నబోయింది. కానీ ఆయన చెయ్యి దుంగ మీద నుంచి లేవలేదు. "కతో కాదో నాకు తెల్దు. నర్సమ్మ కదలనియ్యొద్దంది. నర్సమ్మ సెప్పినాక కదలనిత్తాను," అన్నాడు. నిబంధన అంటే ఏమిటో తెలిసిన మనిషి కాబట్టి అప్పారావు గారు మళ్ళీ గోనెసంచి మీద కూర్చున్నారు.

ఒంటిగంట అయింది. వ్యానులో తెచ్చుకున్న పులిహోర దారిలో కోతులు ఎత్తుకుపోయాయి. మేనత్తల్లో పెద్దావిడ షుగరు మనిషి. ఆవిడకి చేతులు వణుకుతున్నాయని కనక దుంగ దాకా వచ్చి చెప్పింది.

"ఇప్పుడు ఈళ్ళకి వంటెవులు సేత్తారు?" అని అడిగింది గంగ.

బుధు గంగ వైపు చూశాడు. సుజానా గంగ వైపు చూసింది. తువ్వాళ్ళు కట్టుకున్న ఎనిమిది మందీ గంగ వైపే చూశారు. గంగ లేచి, ఇరుగుపొరుగు బేబినీ సోనినీ కేకేసింది. ముందు పెద్దావిడకి ఒక ముంత చోడి అంబలి, అదే రాగి జావ, పంపించింది. ఆ తర్వాత సామబియ్యం అన్నం, రాజ్‌మా గింజల కూర, గుమ్మడికాయ పులుసు వండడానికి పొయ్యి రాజేసింది.

వంటయ్యేదాకా కాలక్షేపం కావాలి. కనక దుంగ అవతలి నుంచి సుజానాని పిలిచింది. "అమ్మాయీ, మీది లైబ్రరీయే కదా. చదువుకోడానికి ఏమైనా ఇస్తావా?"

సుజానాకి ఆ మాట ప్రాణం పోసింది. గంగ ప్రతితో సహా ఊరంతా తిరిగి పది ప్రతులూ పోగుచేసి, చేటలో పెట్టి దుంగ మీది నుంచి అందించింది. బర్నబా దగ్గరున్న ప్రతిని తీసుకురావడానికి కొంచెం బతిమాలవలసి వచ్చింది, ఆయన రెండోసారి ఖండిస్తున్నాడు.

అరగంటలో షెడ్డు నిశ్శబ్దమైంది. ఇంకో పావుగంటకి అక్కచెల్లెళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. చిన్న చెల్లెలు ఒక కథ పైకి చదివింది. రెండో మేనత్త "ఛీ ఛీ, ఇలాంటివి లైబ్రరీలో పెడతారా? తర్వాతేమైంది?" అంది. అన్నం వచ్చింది. చదువుతూనే తిన్నారు. అప్పారావు గారు కోపంతో మొదటిసారి వద్దన్నారు, రెండోసారి పెట్టించుకున్నారు, మూడోసారి విస్తరి వడ్డించేవాళ్ళ వైపు జరిపారు. తిన్నాక కనక అభిప్రాయాల పుస్తకం అడిగి తెప్పించుకుంది. కనక మాట కాదనలేక అప్పారావు గారితో సహా పది మందీ రాశారు. డ్రైవరు కూడా "జలుబు తెలీలేదు" అని రాశాడు. కనక ఒక్కతే పేజీన్నర రాసింది.

మూడింటికి రాజకుమారి వచ్చింది. పది మందినీ చూసి, "రోగం లేదు, మలుపులు," అని తేల్చింది. బుధు స్వయంగా దుంగలు పక్కకి దొర్లించి, అప్పారావు గారికి దణ్ణం పెట్టాడు. ఆయన దణ్ణం తీసుకోకుండా తిన్నగా పఠన మందిరానికి నడిచాడు.

అక్కడ కుర్చీలో కూర్చుని, పెన్ను తీసి, అభిప్రాయాల పుస్తకం తెరిచాడు. ఒక్కొక్క అభిప్రాయం చదివి, కింద "పరిశీలించడమైనది" అని రాస్తూ పోయాడు. సుజానా గోడకి ఆనుకుని నిలబడి మనసులో లెక్కపెట్టింది. తొమ్మిదీ పదీ పంతొమ్మిది. అడిగినదానికి దాదాపు రెట్టింపు.

తొమ్మిదో అభిప్రాయం దగ్గర అప్పారావు పెన్ను ఆగింది. ఆయన ఆ తర్వాతి పేజీలన్నిటికీ అడ్డంగా ఒక గీత గీశాడు.

"సార్!"

"స్థానిక పాఠకులు అని ఉత్తరంలో స్పష్టంగా ఉంది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు స్థానికులు కారు. మీకున్నవి తొమ్మిది."

"నేను పేజీన్నర రాశానండీ," అంది కనక గుమ్మం దగ్గర నుంచి.

"నువ్వూ స్థానికురాలివి కాదు."

ఆయన సంచీలోంచి గది మూసివేత కాగితం తీశాడు. సుజానాకి ఏడుపొచ్చింది. ఆరేళ్ళుగా ఆవిడ ఆ బీరువాలు తుడిచింది. పుస్తకాలు ఒకసారి కిందికి దిగితే మళ్ళీ కొండెక్కవు. వేలు పెట్టుకుని చదివేవాళ్ళ కోసం ఎవరూ పైకి పట్టుకురారు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఉండగా, గిన్నెలు తోమిన చేతులతోనే గంగ లోపలికొచ్చింది.

"నా పుస్తకం ఇచ్చీసినారా? పదకొండో పేజీలో ఉన్నాను." గదిలో అందరి ముఖాలూ చూసి ఆగింది. "ఏటయింది గుంటా?"

"ఒక్క అభిప్రాయం తక్కువైంది అక్కా. గది మూసేస్తున్నారు."

"ఆ పనోళ్ళ పేర్లు దొరికినాయా?"

"దొరకలేదక్కా," అంది సుజానా. ఆ పరిస్థితిలో కూడా అబద్ధం చెప్పలేకపోయింది.

గంగ చేతులు చీరకి తుడుచుకుని, బల్ల మీది పెన్ను తీసుకుని కూర్చుంది. అప్పారావు గడియారం చూసుకున్నాడు. గంగ రాయడం మొదలుపెట్టింది. ఒత్తుల దగ్గర ఆగింది, గుణింతం దగ్గర ఆగింది, ఒకసారి మొదటికొచ్చి చదువుకుంది. వ్యాను డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. పావుగంటకి ఆవిడ పెన్ను కింద పెట్టి, పుస్తకాన్ని ఆఫీసరు గారి వైపు తిప్పింది.

ఆయన పైకి చదివాడు. "ఈ పుస్తకంలో వండినోళ్ళ పేర్లు రాయలేదు. అది తప్పు. శనివారం కింద నుంచి మా కొండకి పది మంది వచ్చినారు. తిన్నారు. కతలు చదివినారు. వండినోళ్ళు గంగ, బేబి, సోని."



"ఇది పుస్తకం మీద అభిప్రాయమేనా?" అన్నాడు అప్పారావు, ఎవరినీ ఉద్దేశించకుండా.

"మూడోసారి విస్తరి జరిపినప్పుడు ఎవరు వండారో మీరు అడిగారా?" అంది కనక. "నేనూ అడగలేదు. పేజీన్నర రాశాను, అందులోనూ లేదు."

అప్పారావు మూసివేత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో పెట్టుకున్నాడు. పుస్తకం దగ్గరికి లాక్కుని, పదో అభిప్రాయం కింద ఇన్‌స్పెక్షన్ ఆఫీసరు వ్యాఖ్య రాసి, సంతకం చేసి, తేదీ వేశాడు.

"పరిశీలించడమైనది. కూర బాగున్నది."